వాట్‌గంజ్ ఇంట్లో ఒకటో నంబరు

చెప్పులు విప్పిన తర్వాత

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఏ కోర్సు చేస్తే మంచిదని. ఏ కోర్సయినా మంచిదే. కానీ ఇళ్ళకు వెళ్ళి నెట్ సరిచేసే ఉద్యోగంలో కంప్యూటర్ ముందు కూర్చోవడం చివరి సంగతి. అంతకు ముందు గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి, కుక్క ఉందేమో అడగాలి, ఇంటాయన కోపమంతా వినాలి, ఇంటావిడ ఇచ్చిన టీ తాగాలి. ఆ టీ తాగుతున్నప్పుడే సగం సంగతి తెలిసిపోతుంది. తొందరలో టీ వద్దన్నవాళ్ళు అదే ఇంటికి మళ్ళీ వెళ్ళాల్సి రావడం నేను చాలాసార్లు చూశాను.

నేను కలకత్తాలోనే పుట్టి పెరిగాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి కార్పొరేషన్‌లో పనిచేశాడు. నేను చిన్న వయసులోనే రేవు దగ్గర ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. బోర్డు ముందు కూర్చుని, తీగను ఒక కన్నంలోంచి తీసి ఇంకో కన్నంలో పెట్టి, అవతలి మనిషిని ఇవతలి మనిషితో కలిపే పని. ఇరవై ఏళ్ళు దాటాక ఆ బోర్డు పోయి, లైన్లు తనంతట తనే కలిపే పెట్టె గోడకెక్కింది. దాంతోపాటు నా కుర్చీ కూడా పోయింది. అప్పటికి నాకు నలభై దాటాయి. ఆ వయసులో ఆడమనిషిని పిలిచి కంప్యూటర్ పని నేర్పేవాడు ఎవడుంటాడు అనుకున్నాను. ఒకడున్నాడు.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను, ఎందుకంటే నాకు రాలేదు. రావడానికి మా ఆఫీసులో నా పైన ఉన్నది ఒక్క నిర్మల్‌దానే.

నిర్మల్‌దా

అసలు పేరు నిర్మల్, ఇక్కడ అన్నను దా అని, అక్కను దిది అని పిలుస్తారు. భవానీపూర్‌లో ఒక మిఠాయి కొట్టు పైగదిలో ఆయన ఆఫీసు. చుట్టుపక్కల వీధులకు కేబుల్ మీద నెట్ ఇచ్చేవాడు. మేడల మీద స్విచ్ పెట్టెలు, ఒక మేడ నుంచి ఇంకో మేడకు వేలాడే తీగలు, వాటి మీద కాకులు. అదే మా సామ్రాజ్యం. తర్వాత ఆ తీగలు ఖిదిర్‌పూర్, వాట్‌గంజ్, మెటియాబ్రుజ్ దాకా పాకాయి.

గదిలో గోడ మీద గడ్డాల పెద్దమనుషుల బొమ్మలుండేవి. నిర్మల్‌దా పొద్దున కమ్యూనిస్టు పార్టీ పత్రిక పంచి, పది గంటలకు ఆఫీసు తెరిచేవాడు. పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీ పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. డబ్బిచ్చి కొనడం అంతకన్నా ఇష్టం లేదు. అందుకని మా దగ్గర నెట్ తీసుకున్నవాళ్ళు ఊ అంటే చాలు, ల్యాప్‌టాప్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోగల లినక్స్ ఎక్కించి ఇచ్చేవాడు. ఆయనకది సిద్ధాంతం, నాకది జీతం. పదేళ్ళు ఆ గొడవలోనే ఉండి చివరికి నాకూ దాని మీద ప్రేమ పుట్టింది, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఆయనలో లోపాలు లేవని కాదు. నెట్ పోయి ఏడుస్తున్న మనిషికి ఫోన్లో ప్రపంచ బ్యాంకు గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. కోపం వస్తే చేతిలో ఉన్నది విసిరేవాడు, చాలాసార్లు అది నా స్క్రూడ్రైవర్ అయ్యేది. కానీ నాకు ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"ఫోన్లో అవతలివాడు అరుస్తుంటే నువ్వేం చేసేదానివి, దిది?"

"అరుపు అయ్యేదాకా ఆగి, ఎవరు మాట్లాడుతున్నారండీ అని అడిగేదాన్ని."

"రేపటి నుంచి రా," అన్నాడు. తర్వాత పని నేర్పాడు, ఓపిగ్గా, నేను అడిగిందే అడిగినా విసుక్కోకుండా.

మొదటి పాఠం ఇది. నెట్ రావట్లేదని ఎవరైనా అంటే ల్యాప్‌టాప్‌లో టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ, తెరిచి, ముందు ఇంట్లో ఉన్న రౌటర్‌ను పిలవాలి. అది పలికితే ఇంట్లో అంతా బాగున్నట్టు. తర్వాత బయటెక్కడో ఉన్న మిషన్‌ను నంబరుతో పిలవాలి. అది పలికితే మన తీగ బాగున్నట్టు. చివరికి అదే మిషన్‌ను పేరుతో పిలవాలి. నంబరుకు పలికి పేరుకు పలక్కపోతే, పేర్లకు నంబర్లు చూపించే డైరెక్టరీ ఎక్కడో తప్పినట్టు. టెలిఫోన్ బోర్డు మీద బతికినదాన్ని కదా, నాకు ఇది వెంటనే బుర్రకెక్కింది. ఇవాళ్టి పిల్లలు ఈ వరస వదిలేసి ముందే అన్నీ ఆపి మళ్ళీ వేస్తారు. ఆపి వేస్తే ఒక్కోసారి వస్తుంది, ఎందుకు వచ్చిందో మాత్రం తెలియదు, మర్నాడు మళ్ళీ పోతుంది.

దర్జీ మాస్టారి చొక్కా

మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ మాస్టారు ఉండేవాడు. బట్టల వ్యాపారులు ఆయనకు డిజైన్ల ఫోటోలు మెయిల్లో పంపేవాళ్ళు. ఆయన ల్యాప్‌టాప్‌లో పేర్లు పలకడం మానేశాయి. నిర్మల్‌దా తనే వెళ్ళి, డైరెక్టరీ నంబరు ఉండే ఫైలు తెరిచి, సరైన నంబరు చేత్తో రాసి వచ్చాడు. మర్నాడు పొద్దున మళ్ళీ అదే కంప్లైంట్. వెళ్ళి చూస్తే రాసింది చెరిగిపోయి ఉంది. మళ్ళీ రాశాడు, మళ్ళీ చెరిగిపోయింది. మీ పనివాళ్ళెవరో దీన్ని కెలుకుతున్నారని మాస్టారిని నలుగురిలో కసిరి వచ్చాడు.

కెలికింది ఎవరూ కాదు. ఆ ల్యాప్‌టాప్ నెట్‌కు కలిసిన ప్రతిసారీ ఆ ఫైలును తనంతట తనే కొత్తగా రాసుకుంటుంది. మార్చాల్సింది ఆ ఫైలును కాదు, కనెక్షన్ సెట్టింగ్‌లో ఉన్న గడిని. అది తెలిసిన రోజునే నిర్మల్‌దా బస్సెక్కి మెటియాబ్రుజ్ వెళ్ళి, ఆ నలుగురి ముందే మాస్టారికి క్షమాపణ చెప్పాడు. మాస్టారు ఆయన్ని కూర్చోబెట్టి కొలతలు తీసుకుని చొక్కా కుట్టి పంపాడు. ఆ చొక్కా వేసుకున్నప్పుడల్లా నిర్మల్‌దా ఈ కథ కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

"రాసింది చెరిగిపోతుంటే మళ్ళీ మళ్ళీ రాస్తూ కూర్చోవద్దు. చెరిపేది ఎవరో చూడండి," అనేవాడు.

తన తప్పును పాఠంగా చెప్పగలిగిన బాసు దొరకడం అదృష్టం. మీకు దొరికితే ఆ ఉద్యోగం వదలకండి.

కరుణ ఉద్యోగం

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న ఇంటికి వస్తాను.

వాట్‌గంజ్‌లో రేవు పనివాళ్ళ పాత ఇళ్ళ మధ్య దైవసహాయం గారి ఇల్లు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, అక్కడి తెలుగు చర్చిలో సంఘ పెద్ద. భార్య పోయి చాలాకాలమైంది. కొడుకు ప్రభుదాసు సరుకు ఓడలో ఎలక్ట్రీషియన్, ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీదే. ఇంట్లో ఉండేది పెద్దాయన, ఆయన కూతురు కరుణ.

కరుణ నర్సు. వార్డులో ఒక రోగిని లేపబోయి నడుం పట్టేసి, ఆ తర్వాత నిలబడి చేసే పనికి పనికిరాకుండా పోయింది. చాలా రోజులు మంచం మీదే ఉంది. తర్వాత సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీ ఆమెను ఇంటి నుంచి టైపు చేసే పనికి తీసుకుంది. విదేశాల్లో డాక్టర్లు మాటల్లో చెప్పి రికార్డు చేసిన రోగుల వివరాలను విని, టైపు చేసి, సాయంత్రం గడువులోగా నెట్‌లో పంపాలి. మందుల పేర్లు తెలిసిన మనిషి కాబట్టి పని చక్కగా చేసేది. కానీ ఇంకా పరీక్షకాలమే. నెట్ పోయి వస్తూ, కొన్ని రోజులు ఫైలు గడువు దాటి వెళ్ళడం మొదలైంది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక మాకు అక్కర్లేదని కంపెనీ వాళ్ళు రాశారు. నడుం పట్టీ కట్టుకుని కుర్చీలో కూర్చుని చేయగలిగిన పని ఆమెకు అదొక్కటే. అది పోతే మళ్ళీ మంచమే.

మా ఆఫీసులో పనిచేసే తపన్ రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి వచ్చాడు. తెలివైన కుర్రాడు, పని బాగా తెలుసు. కానీ అతను వెళ్ళింది పొద్దున పూట. పొద్దున నెట్ శుభ్రంగా ఉంది. ఉన్నదాన్ని ఎవరు బాగుచేస్తారు? లినక్స్‌తోనే ఏదో తంటా, మార్చేయండి అని చెప్పి వచ్చాడు. నేనైనా అదే చెప్పేదాన్నేమో.

ఆ వారంలో బంద్ పడింది. ఎవరు పిలిచిన బందో గుర్తులేదు, ఆ రోజుల్లో అన్ని పక్షాలూ పిలిచేవి. బంద్ రోజున అందరూ ఇళ్ళలోనే ఉంటారు కాబట్టి మాకు ఫోన్లు ఎక్కువ. నిర్మల్‌దా సిద్ధాంతం ప్రకారం షట్టర్ దించి, వృత్తి ప్రకారం దాని వెనక కూర్చుని ఫోన్లెత్తేవాడు. పగలంతా బండ్లు కదల్లేదు. మా ఇల్లు ఖిదిర్‌పూర్ వైపే కనుక, ఎండ తగ్గాక కరుణ వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. అలా మొదటిసారి మాలో ఒకళ్ళం ఆ ఇంటికి సాయంత్రం పూట వెళ్ళడం జరిగింది.

"వందనాలమ్మా. బంద్‌లో నడిసొచ్చినావేటి?" అన్నాడు దైవసహాయం గారు, గుమ్మంలోనే.

"దగ్గరే కదా బాబాయిగారూ."

"ఈ పిల్లకి సాయంత్రం అయిందంటే గుండెల్లో రాయి పడతాది. ఏటి సేస్తావో నువ్వే సూడాల."

కరుణ టీ తెచ్చింది. కప్పు నా చేతికిస్తూనే మొదలుపెట్టింది.

"అక్కా, పొద్దున్నంతా లచ్చనంగా వస్తాది. దీపాలెట్టే ఏళకి ఎల్లిపోతాది. మీ తపన్ నేను అబద్ధం ఆడతన్నాననుకుంటన్నాడు."

"అనుకోవట్లేదులే. ఎప్పటి నుంచి ఇలా?"

"తమ్ముడు ఓడెక్కిన కాడి నుంచి. మొన్న సెలవుకొచ్చినప్పుడు ఆడే ఈ రౌటర్ కొని, అన్నీ ఆడే పెట్టీసి ఎల్లినాడు."

టీ అయ్యేసరికి ఆ ఒక్క ముక్క నాకు దొరికింది. అయినా దాన్ని ఏం చేసుకోవాలో అప్పుడు తెలియలేదు. "మీరు సూసుకోండమ్మా," అని పెద్దాయన లోపలి గదిలోకి వెళ్ళాడు. కరుణ ఆ రోజు ఫైలు పూర్తిచేసి పంపడానికి కూర్చుంది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను.

ఫైలు సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

పలికింది ఎవరు

"సూసినావా అక్కా," అంది కరుణ.

నేర్చుకున్న వరస ప్రకారం రౌటర్‌ను పిలిచాను. దాని నంబరు చివర ఒకటి. వెంటనే పలికింది. బయటి మిషన్‌ను నంబరుతో పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. అంటే ఇల్లు బాగుంది, తీగ పోయింది. తప్పు మా వైపే అనుకుని నిర్మల్‌దాకు ఫోన్ చేశాను.

"ఆ వీధిలో మిగిలిన ఇళ్ళన్నీ నడుస్తున్నాయి దిది, నా ముందు కనిపిస్తోంది," అన్నాడు. "రౌటర్ పలికిందా?"

"పలికింది."

"పలికింది రౌటరేనా?"

"ఒకటో నంబరును పిలిచాను దాదా, ఒకటే పలికింది."

"బోర్డు మీద ఉన్నప్పుడు, అవతల హలో అనగానే కలిపేసేదానివా? ముందేం అడిగేదానివి?"

ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. ఎవరు మాట్లాడుతున్నారండీ.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇంట్లో ప్రతి మిషన్‌కూ రెండు గుర్తులుంటాయి. ఒకటి మనం ఇచ్చే నంబరు, అడ్రసులాంటిది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రెండోది తయారైనప్పుడే దానికి పడ్డ గుర్తు, పుట్టుమచ్చలాంటిది. రౌటర్‌కైతే అది కింద స్టిక్కర్ మీద అచ్చేసి ఉంటుంది. ఫలానా నంబరుకు పలుకుతున్నది ఏ పుట్టుమచ్చ ఉన్న మిషనో చూపించమని లినక్స్‌ను అడిగితే చూపిస్తుంది. అడక్కపోతే మాత్రం నోరు విప్పదు. విండోస్ అయితే ఒకే నంబరుతో రెండు మిషన్లున్నాయని తెర మీదికొచ్చి అరుస్తుంది. మా లినక్స్ మర్యాదస్తురాలు, ఇంటి గొడవ వీధికెక్కించదు. ఆ మర్యాద వల్లే ఇన్నాళ్ళు ఎవరికీ తెలియలేదు.

రౌటర్‌ను తిరగేసి స్టిక్కర్ చదివాను. తెర మీద ఉన్నది అది కాదు. ఇంట్లో ఇంకెవరో ఒకటో నంబరు పెట్టుకుని పలుకుతున్నారు.

"ఈ ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ ఉందా కరుణా?"

"నాన్న కాడ తమ్ముడిచ్చిన పాతదొకటున్నాది, అందులోనూ మీ లినక్సే. కానీ నాన్నకి నెట్టే తెల్దక్కా. ఆదివారం చర్చిలో సెప్పే ప్రార్థన టైపు సేసుకుంటాడు, అంతే."

లోపలి గది

దైవసహాయం గారు మంచం అంచున కూర్చుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగు టైపు చేస్తున్నాడు. ఆయన నెట్ తెరవలేదు, నిజమే. కానీ మూత తీయగానే ఆ ల్యాప్‌టాప్ తనంతట తనే వైఫైకి కలుస్తుంది. ఆయన దగ్గర అడిగి తీసుకుని సెట్టింగ్ చూశాను. నంబరు చేత్తో పెట్టి ఉంది, చివర ఒకటి.

"ఈ నంబరు ఎవరు పెట్టారు బాబాయిగారూ?"

"మా పెబుదాసు. నాన్నకి ఒకటి, అక్కకి రెండు, నాకు మూడు అన్నాడు. ఇంటి పెద్దకి ఒకటి గాక ఇంకేటి ఇస్తాడమ్మా?"

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టలేను. ఆ ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన పెద్దాయనే చేయాలి, మొదటి ముద్ద ఆయనే తినాలి. కొత్త బట్టలు వచ్చినా, ఓడ నుంచి సబ్బులు వచ్చినా ముందు ఆయన చేతికే. కంప్యూటర్లకు వరస పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ కొడుకు వయసు వరసన పెట్టాడు. రౌటర్ తనంతట తను ఒకటో నంబరుతోనే పుట్టిందని అతనికి తట్టలేదు. మర్నాడే ఓడెక్కేశాడు. ఇంట్లో ఇద్దరు ఒకటోవాళ్ళు తయారయ్యారు. పెద్దాయన మూత తీసిన ప్రతిసారీ కరుణ ల్యాప్‌టాప్ బయటికి పంపాల్సినదాన్ని రౌటర్ అనుకుని ఆయన చేతిలో పెడుతోంది. ఆయన ల్యాప్‌టాప్ దాన్ని ఎక్కడికీ పంపదు.

"దీన్ని కాసేపు మూయండి బాబాయిగారూ. వెంటనే."

"ఈ ఒక్క మాట రాసీసి మూసేస్తాను."

తెర మీదికి నా కళ్ళు వెళ్ళాయి. చూడకూడదు, కానీ చూశాను. నా కూతురి చేతి పని నిలబెట్టు ప్రభువా, అని ఉంది.

"రోజూ ఈ ఏళకే రాస్తారా?"

"అవునమ్మా. పిల్ల ఫైలు పంపే ఏళ ఇదే గదా. ఆ ఏళకి ఎవరో ఒకరు దేవుడి ముందు కూకోవాల గదా."

ఆయన మూత మూశాడు. నేను పరుగున ముందు గదిలోకి వెళ్ళి కరుణ ల్యాప్‌టాప్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్ళీ వేశాను. ఈసారి ఒకటో నంబరుకు స్టిక్కర్ మీద ఉన్న మిషనే పలికింది. ఫైలు కదిలింది. చివరిదాకా వెళ్ళింది. గడువు ఇంకా దాటలేదు. కరుణ రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చుంది.

చెప్పాలా వద్దా

పని అయిపోయింది, ఇక సెట్టింగ్ మార్చి వెళ్ళిపోవచ్చు. ఆ పెద్దాయనకు కారణం చెప్పాల్సిన అవసరం లేదు. ఏదో వైరు వదులైందని చెప్పేసి వద్దామనే అనుకున్నాను. నిర్మల్‌దాకు ఫోన్లో చెప్తే ఆయన ఇంకో మార్గం చెప్పాడు.

"పెద్దాయన్ని ఒకటి నుంచి దించకు. రౌటర్ నంబరు మార్చు, అన్నిటికన్నా చివరికి జరుపు. రెండు ల్యాప్‌టాప్‌లలోనూ బయటికెళ్ళే దారి మార్చాలి, కాస్త పని ఎక్కువ. అయితే ఏం? రౌటర్‌కు పరువు లేదు దిది, ఆయనకు ఉంది."

ఎదుటి మనిషి గౌరవం కోసం మిషన్‌ను జరిపే బాసు నాకు దొరికినందుకు ఈ రోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను.

తల తిప్పేసరికి దైవసహాయం గారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మూసిన ల్యాప్‌టాప్ చంకలో ఉంది.

"అమ్మా, నిజం సెప్పు. ఇన్నాళ్ళూ నా వల్లేనా?"

అంత నేరుగా అడిగిన మనిషితో అబద్ధం ఆడలేకపోయాను.

"మీ వల్ల కాదు బాబాయిగారూ. మీ నంబరు వల్ల. రౌటర్‌దీ అదే నంబరు."

కరుణ లేచి, నడుం పట్టుకుని వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఆ ఒకటో నంబరోడు ఏటి పని సేస్తాడు?" అని అడిగాడు పెద్దాయన.

"ఇంట్లోంచి ఏది బయటికెళ్ళాలన్నా వాడి చేతి మీదుగా వెళ్ళాలి. బయటి నుంచి ఏది రావాలన్నా వాడే తేవాలి."

"ఆ పని నాను ఎప్పుడో ఒగ్గీసినాను గదమ్మా. ఈ ఇంటికి ఇప్పుడు తెచ్చీది ఈ పిల్ల."

"నాన్నా, ఊరుకో," అంది కరుణ.

"ఏటి ఊరుకునీది? కూకోని తినీవోడికి ఒకటో నంబరేటి? తీసీయమ్మా. ఏ నంబరొస్తే అది ఇయ్యి."

నిర్మల్‌దా చెప్పిన మార్గం ఆయనకు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రౌటర్‌ను దాని చోటే ఉంచి, ఇంట్లో ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లకూ నంబరు రౌటరే ఇచ్చేలా ఆటోమేటిక్‌లో పెట్టాను. ఎవరు ముందు తెరిస్తే వాళ్ళకు ముందు నంబరు వస్తుంది, రౌటర్‌ది మాత్రం ఎవరికీ పోదు. మీరూ ఇళ్ళలో అలాగే పెట్టండి. చేత్తో నంబర్లు పంచితే ఎక్కడో ఒకచోట ఇలాంటి ప్రేమ అడ్డం పడుతుంది.

ఆ తర్వాత

కరుణకు పరీక్షకాలం దాటింది, ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు ఫోన్లో చెప్పింది ఆమె కాదు, దైవసహాయం గారే. "నిలబడిందమ్మా, నిలబడింది," అని రెండుసార్లు అని, ఇంకేం చెప్పాలో తెలియక పెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా తీగలతో, నంబర్లతో మనుషుల్ని కలిపాను. చేతికి ఏం మిగిలిందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఫోనే. నిర్మల్‌దాకు, ఆ దర్జీ మాస్టారికి, నన్ను నమ్మి గుమ్మం తెరిచిన ఇళ్ళకు నేను ఋణపడి ఉన్నాను.

కొన్ని నెలలకు అటు వెళ్తూ ఒక సాయంత్రం ఆ ఇంట్లోకి తొంగి చూశాను. కరుణ ముందు గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని టైపు చేస్తోంది. లోపల మంచం అంచున పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో ఉంది, మూత వేసే ఉంది. దాని మీద రెండు చేతులూ పెట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడు మీరు తెరిచినా ఏం కాదు బాబాయిగారూ. అన్నీ సరిచేశాను కదా."

"తెల్సమ్మా. నువ్వు సేసినాక ఒక్కరోజూ పోలేదు."

"మరెందుకు ఆగడం?"

"నాను తెరిసినానంటే పిల్లకి ఇంకా గుండె గబుక్కుమంటాది. నాకు తెల్దని అదనుకుంటాది గానీ, నాకు తెల్సు. అందుకని అది పంపీసినాక తెరుస్తాను. ప్రార్థన అంతదాకా నోటితోనే సేస్తన్నాను, దేవుడికి టైపు అక్కర్లేదు గదా."

నేను అక్కడే కూర్చున్నాను. కాసేపటికి ముందు గదిలోంచి కరుణ కేక వేసింది.

"నాన్నా, ఎల్లిపోయింది! తెరుసుకో!"

ఆయన మూత తీశాడు.